కత్తిరించిన మాట

నల్లగొండలో గానీ, పాలమూరులో గానీ రాజకీయ సభకు పోయిన ముస్లింకి తన వంతు ఎక్కడొస్తుందో ముందే తెలుసు. "ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ సోదర సోదరీమణులారా" అనే పిలుపులో అతనిది చివరి మాట. ఆ తర్వాత నాయకుడు ఫ్లోరైడ్ నీళ్ళ గురించి మాట్లాడతాడు. కృష్ణ పక్కనే పారుతున్నా ఎండిపోయిన చేల గురించి, బొంబాయి, పుణె దాకా వలసపోయిన పాలమూరు లేబర్ గురించి మాట్లాడతాడు. ఆ మాటల్లో ముస్లిం కనిపించడు. ఉపన్యాసం ముగింపుకొచ్చాక షాదీఖానా వస్తుంది, ఖబరస్తాన్ ప్రహరీ గోడ వస్తుంది, రంజాన్ తోఫా వస్తుంది. అక్కడ కనిపిస్తాడు.

ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుములు వంగినవాళ్ళలో ముస్లింలు లేరా? మూటాముల్లె కట్టుకుని వలస బస్సెక్కినవాళ్ళలో లేరా? బోరు ఎండిపోయి అప్పులపాలైనవాళ్ళలో లేరా? ఉన్నారని ఊళ్ళో అందరికీ తెలుసు. ఉపన్యాసానికి మాత్రం తెలియదు. దాని లెక్కలో కరువొస్తే మనం రైతులం కాము, కూలీలం కాము. పండగొస్తే ముస్లింలమవుతాం. నోరు జారి ఇట్లా అవుతోందనుకుంటే పొరపాటు. ఉపన్యాసం అల్లికే ఇట్లా ఉంది.

మన సాహిత్య విమర్శ కవిత్వంలో ఒక్కొక్క మాటను పట్టి చూస్తుంది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో 'జల్‌జలా' సంకలనం వచ్చిన తర్వాత తెలుగు కథలో, సినిమాలో ముస్లింని ఎట్లా చూపించారన్న ప్రశ్న గట్టిగానే ముందుకొచ్చింది. కానీ కథలు చదివేవాళ్ళు ఎందరు? ఉపన్యాసం వినేవాళ్ళు ఎందరు? లక్షల మందికి మనల్ని పరిచయం చేస్తున్న ఈ పాఠాన్ని విమర్శకులు పెద్దగా పట్టించుకోలేదు. ఇవాళ ఉపన్యాసం మైదానంతో అయిపోవడం లేదు. అరనిమిషం ముక్కలుగా తెగి ఫోన్లలోకి పోతోంది. అసలు ఉపన్యాసం ఏమిటో తెలియని మనిషికి కూడా దాని ముక్క చేరుతోంది. ఈ ముక్కల్లో మనం ఎక్కడ ఉన్నాం, ఎక్కడ తెగిపోతున్నాం అన్నది చూడటమే ఈ వ్యాసం పని.

*

ముందు జబాన్ సంగతి చూద్దాం. ఈ రెండు జిల్లాల్లో ఉర్దూ ఎన్నడూ ఒక్క ముస్లింల భాషగా లేదు. 1922లో నల్లగొండ నుంచి 'నీలగిరి పత్రిక' నడిపిన షబ్నవీసు వెంకట రామనరసింహారావు ఇంటిపేరులోనే ఫారసీ ఉంది. 1926లో 'గోలకొండ పత్రిక' పెట్టి తెలుగు కోసం కొట్లాడిన సురవరం ప్రతాపరెడ్డి పాలమూరు జిల్లా మనిషి. ఆయనకు ఉర్దూ, ఫారసీ బాగా వచ్చు. ఇటు చూస్తే పల్లెల్లో ఉండే దూదేకుల వాళ్ళలో ఎక్కువమందికి ఇంటి భాష తెలుగే. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని పిల్లలకు సైదులు, సైదమ్మ అని పేర్లు పెట్టుకున్న హిందూ కుటుంబాలు నల్లగొండలో లెక్కలేనన్ని. ఎవరి భాష ఏది, ఎవరి పేరు ఎవరిది అని గీత గీయడం ఇక్కడ కష్టం.

ఉపన్యాసం ఆ గీతను సునాయాసంగా గీస్తుంది. గంట సేపు తెలుగులో మాట్లాడిన నాయకుడు మనవైపు తిరగ్గానే ఉర్దూలోకి మారతాడు. ఒక సలాం, ఒక షేర్, "మేరే ముసల్మాన్ భాయియో" అని రెండు వాక్యాలు. అజాన్ వినబడితే మైకు ఆపుతాడు. అజాన్‌ను గౌరవించడం మంచి మర్యాద. దాన్ని తప్పుపట్టాల్సిన పనిలేదు. అయితే ఆ నిశ్శబ్దాన్ని కూడా వీడియో తీసి, పాట కలిపి, ముస్లింల ఫోన్లకు పంపుతున్నారు. మనకోసం ఏం మాట్లాడారన్నది పక్కకు పోయి, ఎంతసేపు మాట్లాడకుండా ఉన్నారన్నది ప్రచారమైంది.

ఆ రెండు ఉర్దూ వాక్యాల ఫలితం రెండు వైపులా పడుతుంది. దూదేకుల మనిషికి అవి సరిగా అందవు. పక్కన కూచున్న హిందూ రైతుకు అసలే అందవు. వీళ్ళకేదో చాటుగా ఇచ్చేస్తున్నాడన్న అనుమానం మాత్రం అందుతుంది. నిజానికి ఇచ్చిందేమీ ఉండదు. ఇవ్వనిదానికి కూడా మనమే బదనాం అవుతాం.

నేను ఉర్దూలోనూ తెలుగులోనూ వార్తలు రాసేవాణ్ణి. ఒకే సభ మర్నాడు రెండు భాషల పత్రికల్లో రెండు సభలుగా కనిపించడం నాకు కొత్త కాదు. ఉర్దూలో ముస్లింలకిచ్చిన హామీ శీర్షికలో ఉంటుంది. తెలుగులో అది వార్త చివరి వాక్యంలో ఉంటుంది, లేదా స్థలం చాలక ఎగిరిపోతుంది. ఇప్పుడు ఈ పని పార్టీలే చేసిపెడుతున్నాయి. ఉర్దూ ముక్క ఒక గుంపుకు, తెలుగు ముక్క మరొక గుంపుకు. రాసేవాళ్ళు కూడా మారారు. వెనక నాయకుడి పక్కన ఊరి సంగతి తెలిసిన మనిషి నాలుగు పాయింట్లు రాసిచ్చేవాడు. ఇవాళ అద్దె గదుల్లో జీతగాళ్ళు రాస్తున్నారు. 2022 డిసెంబర్‌లో కాంగ్రెస్ వ్యూహకర్త సునీల్ కనుగోలు హైదరాబాద్ ఆఫీసును పోలీసులు సోదా చేసి కంప్యూటర్లు పట్టుకుపోయారు. వేదిక మీద మాట్లాడే మనిషి కంటే తెర వెనక రాసే గది ఎంత ముఖ్యమైపోయిందో దాన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు. ఆ గదుల్లో మన పల్లెల మనిషి కూచుని ఉంటాడా?

*

ముస్లిం ఉపన్యాసానికి సరుకుగా ఉండటం వేరు, తానే మైకు పట్టడం వేరు. మైకు పట్టిన రెండు సందర్భాలు ఈ జిల్లాల్లోనే ఉన్నాయి.

1952లో హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో మఖ్దూం మొహియుద్దీన్ గెలిచాడు. ఉర్దూ కవి. నల్లగొండ పల్లెల ఓటర్లలో ఎక్కువమంది తెలుగు రైతులు, కూలీలు. సాయుధ పోరాటం ఆగి ఎక్కువ రోజులు కాలేదు. ఆ మొదటి ఎన్నికల్లోనే రావి నారాయణరెడ్డిని నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు పంపిన జనం వాళ్ళు. మఖ్దూం పేరు వాళ్ళకు అడ్డం రాలేదు, భాష అడ్డం రాలేదు. రజాకార్ల గాయం పచ్చిగా ఉన్న జిల్లా అది. అయినా ముస్లిం పేరును రజాకార్ అని చదవలేదు. వెట్టి, భూమి, దొర అన్న మూడు మాటలు ఇద్దరికీ ఒక్కటే కావడం దానికి కారణం. విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల చేతిలో చనిపోయిన షేక్ బందగీ కథ ఊరూరా తెలిసిన నేల అది. ముస్లిం అక్కడ భూమి కోసం పోరాడిన రైతుగా జ్ఞాపకంలో ఉన్నాడు.

అరవై ఏళ్ళ తర్వాత, 2012 మార్చిలో మహబూబ్‌నగర్ అసెంబ్లీకి ఉప ఎన్నిక వచ్చింది. టీఆర్ఎస్ సయ్యద్ ఇబ్రహీంను నిలబెట్టింది. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న కాలం. సబ్బండ వర్ణాలు ఒక్కటే అని ప్రతి ధూంధాంలో విన్నాం. అదే జిల్లాలో అదే రోజు జరిగిన ఎన్నికల్లో కొల్లాపూర్‌లో టీఆర్ఎస్ అభ్యర్థి జూపల్లి కృష్ణారావు గెలిచాడు. నాగర్‌కర్నూల్‌లో టీఆర్ఎస్ మద్దతుతో నాగం జనార్దన్‌రెడ్డి గెలిచాడు. మహబూబ్‌నగర్‌లో ఇబ్రహీం రెండు వేల లోపు ఓట్ల తేడాతో బీజేపీ అభ్యర్థి యెన్నం శ్రీనివాసరెడ్డి చేతిలో ఓడిపోయాడు. ఇద్దరూ జై తెలంగాణ అన్నవాళ్ళే. ఒక ఎన్నిక ఫలితానికి ఒకే కారణం చెప్పడం అన్యాయం. బీజేపీ కూడా తెలంగాణ కోసం గట్టిగా నిలబడిన రోజులవి. అభ్యర్థి బలాలు, స్థానిక లెక్కలు వేరే ఉంటాయి. అయినా జిల్లా అంతా ఒకే నినాదం మోగుతుంటే, ఆ నినాదం ఒక్క పేరు దగ్గరే ఎందుకు చాల్లేదని అడగాలా వద్దా? సబ్బండ వర్ణాల మాట పాటలో నిలిచింది. ఓటు దాకా రావడానికి ఇంకా ఏం కావాల్సి ఉండెనో మన ఉద్యమ మేధావులు అప్పుడు చర్చించి ఉంటే బాగుండేది.

2023 అసెంబ్లీ ఎన్నికల్లో 119 మందిలో ఏడుగురు ముస్లింలు గెలిచారు. ఏడుగురూ హైదరాబాద్‌కు చెందిన ఒక్క పార్టీ వాళ్ళే. పాత నల్లగొండ జిల్లాలోని 12, పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని 14 స్థానాల నుంచి ఒక్కరు కూడా లేరు. 2023 డిసెంబర్‌లో ఏర్పడిన కాంగ్రెస్ మంత్రివర్గంలో దాదాపు రెండేళ్ళ దాకా ముస్లిం లేడు. 2025 అక్టోబర్ 31న, సరిగ్గా జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక ముంగిట, అజారుద్దీన్‌ను మంత్రిని చేశారు. దీన్ని కూడా ఒక ఉపన్యాసంగానే చదవాలి. మాటకు బదులు మనిషిని వాడారు.

*

ఇక వాగ్దానం సంగతి. ఉర్దూలో 'వాదా' అంటే ఇచ్చిన మాట. ఆ మాటే తెలుగులోకొచ్చి 'వాయిదా' అయింది. ఈ రెండు అర్థాల మధ్య ఎంత దూరం ఉందో తెలియాలంటే షాద్‌నగర్ పోవాలి.

2014 ఎన్నికల ప్రచారంలో, అప్పటికి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న షాద్‌నగర్ సభలో కేసీఆర్ ముస్లింలకు 12 శాతం రిజర్వేషన్ ప్రకటించాడు. అధికారంలోకి వచ్చిన నాలుగు నెలల్లో ఇస్తానన్నాడు. అప్పుడాయన మహబూబ్‌నగర్ ఎంపీ. ఉపన్యాసకుడిగా ఆయన శక్తిని తక్కువ చేయలేం. తెలంగాణ యాసను, సామెతను వేదిక మీదికి తెచ్చి, ఔనా కాదా అని జనాన్నే అడిగి, వాళ్ళ నోటితోనే జవాబు చెప్పించే నేర్పు ఆయనది. ఉర్దూ ధారాళంగా మాట్లాడతాడు. అంకె, గడువు రెండూ చెప్పిన వాగ్దానం కాబట్టి జనం నమ్మారు.

తర్వాత ఏమైంది? నాలుగు నెలలు పోయాయి. 2015లో సుధీర్ కమిషన్ వేశారు. 2016లో నివేదిక వచ్చింది. 2017 ఏప్రిల్ 16న శాసనసభ బిల్లు ఆమోదించింది. అందులో రెండు భాగాలున్నాయి. వెనకబడ్డ ముస్లింల వాటా 4 నుంచి 12 శాతానికి, గిరిజనుల వాటా 6 నుంచి 10 శాతానికి పెంచాలని. మొత్తం 62 శాతం. సుప్రీంకోర్టు 1992లో గీసిన 50 శాతం గీత దాటుతుంది కాబట్టి బంతి ఢిల్లీకి పోయింది. ఆమోదం రాలేదు. ఇక చేసేదేమీ లేదని మనకు చెప్పారు.

అయిదేళ్ళకు, 2022 సెప్టెంబర్‌లో, అదే ప్రభుత్వం గిరిజనుల వాటాను జీవో ద్వారా 10 శాతం చేసింది. గిరిజనులకు అది న్యాయంగా దక్కాల్సిందే. దేవరకొండ, అచ్చంపేట తండాలు చూసినవాళ్ళెవరూ కాదనరు. మన ప్రశ్న వేరు. ఒకే బిల్లులో ఉన్న రెండు భాగాల్లో ఒకటి జీవోగా మారి బతికింది. రెండోది ఢిల్లీలోనే ఉండిపోయింది. జీవో రాసేటప్పుడు కత్తెర ఎక్కడ పడిందో చూడండి. ముస్లిం అన్న మాట దగ్గర పడింది.

*

ఆ కత్తెరను ఇంకా స్పష్టంగా చూపించే ముక్క ఒకటుంది. షాద్‌నగర్‌కు ఎంతో దూరం లేని చేవెళ్ళలో 2023 ఏప్రిల్ 23న అమిత్ షా సభ జరిగింది. తెలంగాణలో బీజేపీ ప్రభుత్వం వస్తే ముస్లిం రిజర్వేషన్లు రద్దు చేస్తామని, అవి ఎస్సీ, ఎస్టీ, ఓబీసీల హక్కని, వాళ్ళకే ఇస్తామని ఆయన చెప్పాడు. ఖండనలు వచ్చాయి. కేసు కోర్టులో ఉండగా ఇట్లాంటి మాటలేమిటని సుప్రీంకోర్టులో కూడా ప్రస్తావన వచ్చింది. కొన్నాళ్ళకు సద్దుమణిగింది.

ఏడాది తర్వాత, 2024 ఏప్రిల్ చివర, పార్లమెంటు ఎన్నికల మధ్యలో అదే ఉపన్యాసం ముక్క మళ్ళీ బయటికొచ్చింది. ఈసారి దాన్ని మార్చారు. ముస్లిం అన్న మాట తీసేసి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లే రద్దు చేస్తామన్నట్టు అతికించారు. దేశమంతా అలజడి లేచింది. ఢిల్లీ పోలీసులు కేసు పెట్టారు. హైదరాబాద్‌లో కాంగ్రెస్ సోషల్ మీడియా వాళ్ళను అరెస్టు చేశారు. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డికి నోటీసు వచ్చింది. ఎవరు చేశారన్నది కోర్టులు తేల్చాలి. అబద్ధపు వీడియో తయారు చేయడం తప్పు. అవతలివాడి మీద చేసినా తప్పే.

అయితే ఆ రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి చదవండి. అసలు ఉపన్యాసంలో పేదల రిజర్వేషన్ రద్దు చేస్తామన్న మాట ఉంది. ఆ పేదలు ముస్లింలు. దాన్ని జనం ముందు యథాతథంగా పెడితే కోపం రాదని కత్తిరించినవాడికి గట్టి నమ్మకం. ముస్లిం అన్న మాట తీసేస్తేనే అన్యాయం అన్యాయంగా కనిపిస్తుందని వాడి లెక్క. వేదిక మీద మాట్లాడినవాళ్ళు ముస్లిం అన్న మాటను లాభం కోసం పెట్టారు. కత్తిరించినవాళ్ళు లాభం కోసం తీశారు. ఇద్దరి లెక్కా మన విషయంలో ఒక్కటే: ముస్లింకి జరిగే నష్టం ఎవరికీ నొప్పి కాదు. ఆ వీడియో నిజానిజాల మీద రోజుల తరబడి చర్చించిన లౌకికవాద మిత్రులు ఈ లెక్క దగ్గర ఎందుకు ఆగలేదు? నకిలీ వీడియో పట్టుబడింది సరే. అసలు వీడియో సంగతేమిటి?

ఇంకొకటి. 'ముస్లిం రిజర్వేషన్' అన్న మాటే సగం కత్తిరించిన మాట. 2007 చట్టం ప్రకారం బీసీ-ఇ జాబితాలో ఉన్నవాళ్ళెవరు? అత్తరు సాయిబులు, గారడి సాయిబులు, ఎలుగుబంటిని ఆడించేవాళ్ళు, బట్టలుతికే ముస్లింలు, రాళ్ళు కొట్టే తురక కాశవాళ్ళు, ఖురేషీలు, ఫకీర్లు, షేక్‌లు. సయ్యద్‌లు, పఠాన్‌లు, మొగల్‌లు అందులో లేరు. దూదేకులవాళ్ళు అంతకు ముందు నుంచే బీసీ-బిలో ఉన్నారు. మతం చూసి ఇచ్చిందైతే అందరూ ఉండాలి కదా! ఈ జాబితాను వేదిక మీద చదివిన నాయకుడిని, మావాడని చెప్పుకునేవాణ్ణయినా సరే, నేను చూడలేదు. చదివితే రాళ్ళు కొట్టే వడ్డెర మనిషి, రాళ్ళు కొట్టే తురక కాశ మనిషి పక్కపక్కన నిలబడతారు. బట్టలుతికే ఇద్దరూ పక్కపక్కన నిలబడతారు. అట్లా నిలబడటం చాలామంది ఉపన్యాసకులకు పనికిరాదు.

తెలంగాణ కులగణన లెక్కలు 2025 ఫిబ్రవరిలో బయటికొచ్చాయి. జనాభాలో ముస్లింలు 12.56 శాతం, అందులో 10.08 శాతం బీసీలే అని తేలింది. మార్చిలో శాసనసభ బీసీలకు 42 శాతం బిల్లులు ఆమోదించింది. ఆ తర్వాత వినిపించిన ఉపన్యాసం ఏమిటి? ముస్లింలను బీసీల నుంచి తీసేయమని బీజేపీ నాయకుల మాట. మళ్ళీ అదే కత్తెర.

*

ఇదంతా చెప్పి మన ఇంటిని చూసుకోకపోతే ఈ విమర్శకు విలువ లేదు.

మనలోనూ మాటకారులకు కొదవలేదు. 1948కి ముందు ఖాసిం రజ్వీ తక్రీర్లకు చప్పట్లు కొట్టినవాళ్ళున్నారు. అదే సంవత్సరం ఆగస్టులో రజాకార్ల చేతిలో ప్రాణం పోగొట్టుకున్న 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ కూడా ఉర్దూలోనే రాశాడు. ఆ ఇద్దరి ఉర్దూలో ఏది మనదని మనం గట్టిగా చెప్పుకోలేదు కాబట్టి రజ్వీ మాటే మన మాటగా ఇప్పటికీ సినిమాలకెక్కుతోంది. రజ్వీ జైలు నుంచి బయటపడి 1957లో పాకిస్తాన్ పోయాడు. పోలీస్ యాక్షన్ రోజుల్లోనూ ఆ తర్వాతా కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. వాళ్ళలో ఎందరు ఆ ఉపన్యాసాలు విన్నారు? ఎందరికి ఉర్దూ చదవడం వచ్చు?

2012 డిసెంబర్‌లో నిర్మల్‌లో అక్బరుద్దీన్ ఒవైసీ 'పదిహేను నిమిషాల' తక్రీర్ చేశాడు. అరెస్టయ్యాడు. 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆయన్ను నిర్దోషిగా వదిలేసింది. కోర్టు సంగతి కోర్టుది. విమర్శకుడు చూడాల్సింది వేరు. ఆ మాటలు నిర్మల్ మైదానంలో ఉర్దూలో పుట్టాయి. ఫోన్లలో అన్ని భాషల్లోకీ పోయాయి. ఇప్పటికీ ఎక్కడ ఎన్నికలొచ్చినా అవతలివాళ్ళు ఆ ముక్కను వాడుకుంటున్నారు. ఆ తక్రీర్‌కు జవాబు చెప్పాల్సి వచ్చింది ఎవరు? సంతలో గాజులమ్మే ఆమె, పంక్చర్ షాపు పిల్లవాడు, హిందూ ఇరుగుపొరుగు మధ్య ఒక్కటే ముస్లిం ఇల్లుగా బతుకుతున్న పల్లె కుటుంబం. కోటగోడల మధ్య ఓట్లున్న నాయకుడికి చప్పట్లు, పల్లెలో నలుగురిగా ఉన్నవాళ్ళకు చూపులు. మన తరఫున ఇట్లా మాట్లాడమని మనం ఎప్పుడు అడిగాం?

ఉర్దూలో అన్నమాట ఉర్దూలోనే ఉండిపోయే కాలం పోయింది. తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి చెప్పి తప్పించుకునే కాలం కూడా పోవాలి. అది పోగొట్టగలిగింది రెండు భాషలూ తెలిసిన మనమే. ఎన్నికల సభలో ఉర్దూలో చెప్పిన ప్రతి వాక్యాన్నీ తెలుగులోకి, తెలుగులో చెప్పిన ప్రతి వాక్యాన్నీ ఉర్దూలోకి పూర్తిగా, ముందూ వెనకా కత్తిరించకుండా రాసి జనం ముందు పెట్టాలి. ఎవరికి ఏం చెప్పారో హిందూ రైతూ చదవాలి, ముస్లిం మెకానిక్కూ చదవాలి. ఇచ్చేదేమీ లేదని తెలిస్తే అనుమానమైనా పోతుంది. ఇచ్చేది ఉంటే ఎందుకివ్వాలో తెలుస్తుంది.

రెండో పని మనకోసం మనం మాట్లాడటం. ఖబరస్తాన్ గోడ అడగొద్దనడం లేదు. ఫ్లోరైడ్ సభలో, వలసల మీద జరిగే సభలో, ధరణి నుంచి భూభారతి దాకా భూమి కాగితాల మీద జరిగే సభలో ముస్లిం లేచి తెలుగులో, తన యాసలో, రైతుగా కూలీగా మాట్లాడాలి. హుజూర్‌నగర్‌లో 1952లో పనిచేసింది ఈ ఉమ్మడి మాటే. అది మళ్ళీ పనిచేయాలంటే వేదిక మీద సలాం అందుకోవడానికి ముందు వరసలో కూచునే మన పెద్దలు కొంచెం జరిగి, వెనక నిలబడ్డ తురక కాశ పిల్లవాడికి, దూదేకుల ఆడమనిషికి మైకు ఇవ్వాలి.

ఉర్దూలో 'సవాల్' అంటే ప్రశ్న. తెలుగులో 'సవాలు' అంటే పందెం కాయడం, ఢీకొట్టడం. మనం ప్రశ్న అడిగినప్పుడల్లా సవాలు విసిరినట్టే వింటున్నారు. వింటే విననీ. షాద్‌నగర్‌లో చెప్పిన నాలుగు నెలలు ఎప్పుడయిపోతాయి? ఒకే బిల్లులో ఒక సగం ఎట్లా బతికింది, రెండో సగం ఎట్లా చచ్చింది? చేవెళ్ళ వీడియోలో మీకు కోపం తెప్పించిన అబద్ధం సరే, కోపం తెప్పించని నిజం గురించి ఏమంటారు? ఈ మూడు ప్రశ్నల్నీ వచ్చే ఎన్నికల సభల్లో, సలాం చెప్పగానే, అక్కడికక్కడే తెలుగులో అడుగుదాం.